పురుగుమందుల అంగడికి పోయే ముందు: సీసా మీద ఏం చూడాలి, రూల్సు ఏం మారాయి

అంగడికి పోయి కౌంటరు మీద మోచేతులు ఆనించి, "టమాటాలో పచ్చపురుగు పడిందన్నా, ఏదన్నా గట్టి మందుంటే ఇయ్యి" అంటాం చూడండి, ముందు ఆ మాట మానేయాలి. పదేళ్లు నేనూ అదే మాట అన్నవాణ్ణే కాబట్టి చెబుతున్నా. గట్టి మందు అంటే అంగడాయన తనకి గట్టిగా మిగిలే మందు తీసి ఇస్తాడు. ఆయన్ని అనడానికి ఏముంది, మనం పేరు చెప్పలేదు, లేబుల్ చూడలేదు, బిల్లు కూడా అడగలేదు.

మాది పలమనేరు పక్కన. ఎకరన్నర టమాటా, దాన్ని ఆనుకొని మా నాన్న నాటిన తోతాపురి మామిడి చెట్లు ఇంకో రెండెకరాలు. మూడేళ్ల కిందట పూత మీదున్న టమాటాకి "ఇది బయో అన్నా, ఏమీ కాదు" అంటే నమ్మి ఒక సీసా తెచ్చి కొట్టాను. నాలుగో రోజుకి ఆకు ముడుచుకుంది, పూత రాలింది. సీసా పట్టుకొని మండల వ్యవసాయ అధికారి దగ్గరికి పోతే ఆమె రెండే ప్రశ్నలు వేసింది. బిల్లేదీ? దీని మీద రిజిస్ట్రేషన్ నంబరేదీ? రెండూ లేవు. నోరు మూసుకొని ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత నాలుగు చోట్ల అడిగి, చదివి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. ప్రభుత్వం అనుమతి ఇచ్చింది అంటే "ఈ మందు మంచిది" అని కాదు. "ఈ మందు, ఈ పంటలో, ఈ పురుగుకి, ఎకరాకి ఇంత, కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోత" అని. ఇందులో ఏ ఒక్కటి మారినా మీరు కొడుతున్నది అనుమతి లేని మందు కిందే లెక్క. ఒక ఉదాహరణ చాలు. ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ మనందరికీ తెలిసిందే (పేరు తర్వాతి అంకె మందు శాతం, ఎస్‌ఎల్ లాంటి అక్షరాలు అది ఏ రూపంలో ఉందో చెబుతాయి). అదే సీసా టమాటాలో కొడితే 3 రోజులు ఆగి కాయ కోసుకోవచ్చు, మామిడిలో తేనెమంచు పురుగుకి కొడితే 45 రోజులు ఆగాలి. మా ఇంట్లో లాగా టమాటా, మామిడి పక్కపక్కనే ఉండేవాళ్లు, "టమాటాకి తెచ్చింది సగం మిగిలిందిలే, చెట్లకి కొట్టేద్దాం" అనుకునే దగ్గరే దెబ్బ తింటారు.

ఈ అనుమతులిచ్చేది ఫరీదాబాద్‌లో ఉండే కేంద్ర క్రిమిసంహారక మండలి, దాంతోపాటు ఉండే రిజిస్ట్రేషన్ కమిటీ. చట్టం 1968 నాటిది, రూల్సు 1971 నాటివి. ఆ చట్టం ఊరికే రాలేదు. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వంద మందికి పైగా చనిపోయారు. ఓడలో మందు డబ్బాలూ పిండి మూటలూ ఒక్కచోట పెట్టినందుకు జరిగిన ఘోరం అది. (మా కొట్టంలో మొన్నమొన్నటి దాకా మందు సీసాలు, ఆవుల దాణా ఒకే చెక్క మీద ఉండేవి. ఈ సంగతి చదివాకే మార్చాను.) చట్టం మార్చాలని 2008లో ఒకసారి, 2020లో ఒకసారి పార్లమెంటులో కొత్త బిల్లులు పెట్టారు గానీ, నేను ఇది రాసేనాటికి నడుస్తున్నది ఆ 1968 చట్టమే. కాబట్టి మారినవన్నీ ఆ చట్టం కింద వచ్చిన ఉత్తర్వులే. అవి గెజిట్‌లో ఇంగ్లీషులో, హిందీలో వస్తాయి, మన ఊరికి ఎవరో చెబితే గానీ రావు.

ఏం మారిందో మన పంటల వరకు చెబుతా. ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు ఆపించింది, ఇది అందరికీ తెలుసు. 2018 ఆగస్టులో కేంద్రం ఒకేసారి 18 మందుల మీద వేటు వేసింది. కార్బరిల్, మిథైల్ పారాథియాన్ లాంటి 12 వెంటనే ఆగిపోయాయి. మిగతా 6 2020 డిసెంబరు 31తో ఆఖరు. మనం నువాన్ అని పిలుచుకునే డైక్లోరోవాస్, ఫోరేట్ గుళికలు, ట్రైజోఫాస్, ఫాస్ఫామిడాన్ ఆ ఆరింట్లోనే ఉన్నాయి. మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఇప్పటికీ "ఫోరేట్ వేస్తేగానీ వేరుపురుగు పోదు" అంటాడు. ఎక్కడ దొరుకుతుంది మామా అంటే నవ్వుతాడు. దొరికే చోట దొరుకుతోందన్నమాట.

2020లో ఇంకో 27 మందులు ఆపేస్తామని ముసాయిదా ఇచ్చారు. దాని మీద మూడేళ్లు గొడవ జరిగి, 2023లో చివరికి పూర్తిగా ఆగినవి మూడు: డైకోఫాల్, డైనోక్యాప్, మిథోమిల్. మూడే కదా అని ఊరుకోకండి, మనకి అసలు కథ ఆ ఉత్తర్వు లోపలుంది. మిగతా కొన్ని మందుల్ని మొత్తంగా ఆపకుండా పంటల వారీగా కోత పెట్టారు. మలాథియాన్‌కి టమాటా, మామిడి, వంగ, బెండ, ఇంకా చాలా పంటల్లో అనుమతి తీసేశారు. డైమిథోయేట్‌ని పచ్చిగా తినే పండ్లు, కూరగాయల మీద కొట్టకూడదన్నారు. ఆక్సీఫ్లోర్‌ఫెన్ కలుపు మందుని వేరుశనగలో ఆపేశారు. నిమ్మ తోటల వాళ్లకి క్లోర్‌పైరిఫాస్ పోయింది. కార్బోఫ్యూరాన్‌లో 3 శాతం గుళికలు తప్ప మిగతా రకాలన్నీ పోయాయి. మోనోక్రోటోఫాస్ 36 ఎస్‌ఎల్ కథ కూడా అక్కడే ముగిసింది, అప్పటికే తయారైన సరుకు గడువు తీరేదాకా మాత్రం అమ్ముకోనిచ్చారు. అసలు కూరగాయల మీద మోనో కొట్టకూడదని 2005లోనే చెప్పారు, మనమే వినలేదు. ఇప్పుడు ఎవరైనా మోనో సీసా చేతిలో పెడితే డబ్బులిచ్చే ముందు దాని మీద తారీఖు చూడండి.

ఇక్కడొక తిరకాసుంది. మలాథియాన్ అంగట్లో దొరుకుతుంది, దానికి లైసెన్సుంది, బిల్లూ ఇస్తారు, కానీ మీ టమాటాకి అది లేదు. "అంగట్లో పెట్టి అమ్ముతున్నారు కదా, మరి నిషేధం ఎక్కడిది" అని మా తమ్ముడు నాతో వాదించాడు. మందుకి నిషేధం లేదురా, నీ పంటలో దానికి అనుమతి లేదు అని అర్థమయ్యేలా చెప్పేసరికి రెండు టీలు అయిపోయాయి.

ఆకుమచ్చకి, ఎండు తెగులుకి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన పొడి చిన్న చిన్న పొట్లాల్లో వచ్చేది గుర్తుందా? 2024 జనవరి 1 నుంచి సేద్యంలో దాని వాడకం మొత్తం బంద్. అవి మనుషులకి వాడే యాంటీబయాటిక్స్, పొలాల్లో అలా చల్లుతూ పోతే రేపు ఆసుపత్రిలో పని చేయకుండా పోతాయని ఆపారు. గ్లైఫోసేట్ కలుపు మందు సంగతి: 2022 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలి, రైతు సొంతంగా కొట్టకూడదు.

సరే, ఇప్పుడు అంగట్లో నిలబడి ఏం చేయాలో చెబుతా.

మందు పేరు అడిగేటప్పుడు బ్రాండు కాకుండా టెక్నికల్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు అడగండి. ఒకే మందుని పది కంపెనీలు పది పేర్లతో అమ్ముతాయి. ఒక కంపెనీ ముందు అనుమతి తెచ్చుకున్న మందుకే తర్వాత మిగతా కంపెనీలు రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడానికి చట్టంలో దారి ఉంది, అందుకే ధరల్లో అంత తేడా. పోయిన వారం ఒక పేరుతో కొట్టింది పని చేయలేదని ఈ వారం ఇంకో పేరుతో అదే మందు కొనుక్కొచ్చే వాళ్లని నా కళ్లతో చూశాను.

సీసా చేతిలోకి వచ్చాక చూడాల్సినవి: టెక్నికల్ పేరు, శాతం, రిజిస్ట్రేషన్ నంబరు (మామూలుగా సీఐఆర్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది), తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తారీఖు, గడువు తారీఖు. అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి కాబట్టి ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకొని చూడండి. ఆ ఫోటో ఫోన్‌లోనే ఉంచుకోండి, దాని అవసరం ఇంకా ఉంది.

తర్వాత రంగు. వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది, మనోళ్లు త్రికోణం అంటారు, పై సగంలో హెచ్చరిక, కింద సగంలో రంగు. ఎరుపు అన్నిటికన్నా విషం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. చాలామంది దీన్ని రెండు రకాలుగా తప్పు చదువుతారు. ఎరుపు ఉంటే పురుగు బాగా చస్తుందని ఒకటి, ఆకుపచ్చ ఉంటే సేంద్రియం అని ఇంకొకటి. రెండూ కాదు. ఆ రంగు మనిషి ఒంట్లోకి పోతే ఎంత విషమో చెబుతుంది, పురుగుకి దాంతో సంబంధం లేదు. ఆకుపచ్చ గుర్తున్న మందైనా గ్లవ్స్ లేకుండా కలపకూడదు.

సీసాతో పాటు ఒక మడత కాగితం వస్తుంది, అందరూ అంగడి ముందే పారేస్తారు. అసలు సరుకు అందులోనే ఉంది. ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మందు, ఎన్ని నీళ్లు, కోతకి ఎన్ని రోజులు, విరుగుడు ఏంటి, అన్నీ. మీ పంట పేరు ఆ పట్టికలో లేకపోతే ఆ సీసా తిరిగి ఇచ్చేయండి. అందులో లెక్క హెక్టారుకి ఉంటుంది, మనది ఎకరం, కాబట్టి రెండున్నరతో భాగించాలి. టమాటాలో కాయతొలిచే పురుగుకి క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్‌సీ హెక్టారుకి 150 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లు అని రాసుంటుంది. అంటే ఎకరాకి 60 మిల్లీలీటర్లు, 200 లీటర్లు. మీది 20 లీటర్ల ట్యాంకైతే పది ట్యాంకులు, ట్యాంకుకి 6 మిల్లీలీటర్లు. మూతతో కొలిచి "ఇంకో అర మూత పడితే పోతుందా" అనే అలవాటు నాకూ ఉండేది. అర మూత అంటే ఎంతో ఒకసారి సిరంజితో కొలిచి చూశాక మానేశాను. పది రూపాయల సిరంజి కొని మందు డబ్బాతో పాటే పెట్టుకోండి.

బిల్లు. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు రాసిన బిల్లు తీసుకోండి, తెల్ల కాగితం మీద అంకెలు రాసిచ్చింది బిల్లు కాదు. బిల్లు అడిగితే జీఎస్టీ పడుతుంది అంటారు, అది ధరలో ఉండాల్సిందే. రేపు పంట పోతే అధికారి శాంపిల్ తీయడానికైనా, మీరు వినియోగదారుల కమిషన్‌కి పోవడానికైనా ఆ కాగితమే దిక్కు. అంగడి గోడ మీద లైసెన్సు వేలాడుతోందా లేదా కూడా ఒక చూపు చూడండి. 2017లో వచ్చిన సవరణ తర్వాత డీలరుకి కూడా చదువు ఉండాలి, వ్యవసాయం, కెమిస్ట్రీ, బోటనీ లాంటి వాటిల్లో డిగ్రీయో, లేదా దానికోసం పెట్టిన డిప్లొమా, సర్టిఫికెట్ కోర్సో. కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి అది ఉందా అనేది వేరే సంగతి.

ఇక నన్ను ముంచిన "బయో". వేపనూనె మందులు, ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు, పురుగుని చంపే బీటీ బ్యాక్టీరియా లాంటి నిజమైన జీవ పురుగుమందులకి కూడా రసాయనాల లాగే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇంకో రకం ఉన్నాయి, బయోస్టిమ్యులెంట్లు, అంటే మొక్క ఎదుగుదలకి వాడేవి, సముద్రపు నాచు, అమైనో ఆమ్లాలు, హ్యూమిక్ లాంటివి. ఇవి పురుగుమందుల చట్టం కిందికి రావు, 2021లో వీటిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎంకి (పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు) మించి ఉండకూడదు, అంటే దాదాపు ఉండకూడదనే. కాబట్టి "బయో" అని రాసున్న సీసా కొట్టగానే సాయంత్రానికి పురుగులు టపటపా రాలితే సంతోషపడకండి, అందులో పేరు చెప్పని రసాయనం ఏదో కలిపుండొచ్చు. పేరు తెలియకపోతే ఎన్ని రోజులు ఆగి కోయాలో తెలియదు, మనిషికి ఏమైనా అయితే డాక్టరుకి ఏం చెప్పాలో తెలియదు. అనుమానం వస్తే రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకుడికి సీసా చూపించండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి చేసి తెలుగులోనే అడగండి. ఫోన్‌లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే, కేంద్ర మొక్కల సంరక్షణ డైరెక్టరేట్ వెబ్‌సైటులో ఏ మందు ఏ పంటకో చెప్పే పట్టికలు, నిషేధించిన మందుల జాబితా రెండూ ఉన్నాయి, సీజనుకి ఒకసారి చూపించమనండి.

కోతకి ఆగాల్సిన రోజుల గురించి మామిడి వాళ్లకి ఒక మాట. చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకి పోతుంది, ఆ గుజ్జు యూరప్‌కి, గల్ఫ్‌కి పోతుంది. యూరప్ వాళ్లు క్లోర్‌పైరిఫాస్‌కి 2020 జనవరిలో అనుమతి పొడిగించలేదు, ఆ సంవత్సరం నవంబరు నుంచి కిలోకి 0.01 మిల్లీగ్రాముకి మించి ఉండకూడదన్నారు. అంటే వంద టన్నుల కాయలో ఒక్క గ్రాము. ఏళ్ల తరబడి నిలిచిపోయే విష రసాయనాల్ని ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో కూడా 2025లో దాన్ని చేర్చారు. ఇక్కడ మనకి అనుమతి ఉన్నదైనా అక్కడ సరుకు ఆగిపోతుంది. ఫ్యాక్టరీకి వేసే వాళ్లయితే పూతకి ముందే వాళ్ల దగ్గరికి పోయి ఏ మందులు కొట్టకూడదో రాసిమ్మనండి. టమాటా వాళ్లకి ఇంకో తలనొప్పి ఉంది, రోజు విడిచి రోజు కోత. మండీలో రేటు ఎక్కినప్పుడు 3 రోజులు ఆగమంటే ఎవరికైనా ప్రాణం మీదికొస్తుంది. దానికి నేను చేసేది, కోత అయిన సాయంత్రమే మందు కొట్టి, కోతకి 3 రోజులు ఆగితే చాలనే మందులే ఏరుకొని, ఒక్క కోత దాటేయడం. రేటు ఎక్కువుంటే మందు వాయిదా వేస్తా గానీ రోజులు తగ్గించను.

ఇప్పుడు ఒంటి సంగతి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ ఏడాది పత్తి మనిషి ఎత్తు పెరిగి, మందు ముఖం ఎత్తున కొట్టాల్సి వచ్చింది. మామిడి చెట్టుకి గన్ను పైకెత్తి కొట్టేటప్పుడు మనకీ అంతే, పోయిన మందులో కొంత తిరిగి నెత్తినే పడుతుంది. అంచున్న టోపీ, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా, ప్లాస్టిక్ ఏప్రాన్, రబ్బరు గ్లవ్స్, బూట్లు. గుడ్డ గ్లవ్స్ వద్దు, అవి మందుని పీల్చి చేతికి అంటిస్తాయి. మూతికి కట్టే తువ్వాలు కూడా అంతే. మా దగ్గర ఎండలకి ఇవన్నీ వేసుకొని మధ్యాహ్నం నిలబడలేం, నిజమే, అందుకే పొద్దున తొమ్మిదిలోపు ముగించాలి, లేదంటే సాయంత్రం చల్లబడ్డాక. గాలికి ఎదురు నడవొద్దు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు, పాత టూత్‌బ్రష్ ఒకటి జేబులో ఉంచుకోండి. అన్నిటికన్నా ప్రమాదం కొట్టేటప్పుడు కాదు, కలిపేటప్పుడు, ఎందుకంటే సీసాలో ఉన్నది నీళ్లు కలపని మందు. మిగతావి ఏం వేసుకోకపోయినా కలిపేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పవు. ఆ బట్టలు ఇంట్లో ఆడవాళ్ల చేతికి ఇచ్చేసి పడుకోవడం కాదు, విడిగా బకెట్లో నానబెట్టి మీరే జాడించండి.

డ్రోన్ పిలిపించేవాళ్లకి: 2022 ఏప్రిల్లో 477 మందులకి డ్రోన్‌తో కొట్టడానికి రెండేళ్లకి తాత్కాలిక అనుమతి ఇచ్చారు, కాబట్టి మీ మందుకి ఇప్పుడు ఆ అనుమతి ఉందో లేదో ఆపరేటర్ని చూపించమనండి. ఎకరాకి పది లీటర్ల నీళ్లలోనే మందు మొత్తం పోతుంది, అంటే చుక్కచుక్కలో చిక్కగా ఉంటుంది, చూడ్డానికి బాగుందని పిల్లల్ని గట్టు మీద నిలబెట్టకండి.

తల తిరగడం, చెమటలు పట్టడం, నోట్లో నీళ్లూరడం, కళ్లు మసకలు కమ్మడం, కండరాలు అదరడం మొదలైతే "ఎండదెబ్బలే" అనుకోకండి. వెంటనే ఆపి, బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లంతా కడగండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండాలి. పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు, చింతపండు పులుసు తాగించొద్దు. 108కి చేసి, సీసా గానీ ఇందాక తీసిన ఫోటో గానీ ఆసుపత్రికి తీసుకుపోండి. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులకి అట్రోపిన్ లాంటి విరుగుడు ఉంది, పారాక్వాట్ అనే కలుపు మందుకి ప్రత్యేకమైన విరుగుడే లేదు, అందుకే డాక్టరుకి పేరు కావాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విష సమాచార కేంద్రం ఉంది, 1800-116-117, డాక్టర్లు కూడా దానికి చేసి అడగొచ్చు.

ఖాళీ సీసాలు మూడుసార్లు నీళ్లతో జాడించి, ఆ నీళ్లు ట్యాంకులోనే పోసి కొట్టేయాలి. తర్వాత సీసాకి బొక్క పొడిచి, పగలగొట్టి, బావికి, కాలువకి దూరంగా లోతుగా పాతెయ్యాలి. గడువు తీరిన సీసాలు, ఫోరేట్ లాంటి నిషేధించినవి కొట్టంలో మూల పడుంటే బావిలో పారబోయొద్దు, కాల్చొద్దు, మూత బిగించి తాళం వేసి వ్యవసాయ అధికారిని అడగండి. మొన్న మా కొట్టం సర్దితే అలాంటివి నాలుగు బయటపడ్డాయి. ఒకదాన్ని మా అమ్మ శుభ్రంగా కడిగి వంకాయ విత్తనాలు పోసి పెట్టింది.